అనుమానిస్తే పోయేదేముంది అనేవాళ్లకు

"ఎవర్నీ నమ్మే రోజులు కావివి" అన్నది ఒకప్పుడు పెద్దవాళ్లు అప్పుడప్పుడూ అనే మాట. ఇప్పుడది జీవనసూత్రమైంది. అద్దెకు గది అడగడానికి వచ్చిన కుర్రాడు, లిఫ్టులో కొత్తగా కనిపించిన మనిషి, ఫోన్ మోగగానే పక్కగదిలోకి వెళ్లిన కోడలు, పలకరించకుండా వెళ్లిపోయిన సహోద్యోగి... ఎవరైనా సరే, ముందు చెడుగా అనుకోవాలి. మంచివాళ్లని తేలితే అప్పుడు చూసుకోవచ్చు. ఇలా ఆలోచించేవాడు లోకం తెలిసినవాడు. ఆలోచించలేనివాడు అమాయకుడు. కాదని వాదిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అనుమానిస్తే పోయేదేముంది? నమ్మి మోసపోవడం కంటే నయం కదా?"

చాలా పోతుంది. ఏం పోతుందో, ఎవరిది పోతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

2018 జులై 13న కొందరు స్నేహితులు హైదరాబాద్ నుంచి కారులో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లారు. వాళ్లలో ఒకరి సొంతూరు అటువైపే. మరొకరు ఖతార్ నుంచి వచ్చినవాడు. దారిలో ఆగినచోట బడిపిల్లలు కనిపిస్తే తెచ్చుకున్న చాక్లెట్లు పంచారు. చూసినవాళ్లకు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా కనిపించింది. నిలదీశారు, గొడవైంది, ఫోన్లలో వీడియో తీశారు. స్నేహితులు భయపడి కారెక్కి బయల్దేరారు. వీడియో కారు కంటే ముందే ముర్కి అనే ఊరికి చేరింది. అక్కడ రోడ్డుకు అడ్డంకులు పెట్టి కాపుకాశారు. జనం గుంపుగా మీదపడి కొట్టారు. అడ్డుకోబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. హైదరాబాద్‌కు చెందిన యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు చనిపోయారు. వెంట ఉన్నవాళ్లు తీవ్ర గాయాలతో బయటపడ్డారు.

ఆ గుంపు కళ్లతో ఈ సంఘటనను ఒకసారి చూడండి. చాక్లెట్లు ఇచ్చారు, కాబట్టి ఎర వేస్తున్నారు. కాదని చెప్పారు, కాబట్టి బుకాయిస్తున్నారు. వెళ్లిపోయారు, కాబట్టి తప్పు చేశారు. పోనీ, వెళ్లకుండా అక్కడే నిలబడితే? మొండికేశారనేవారు. ఏం చేసినా నిర్దోషులని తేలే దారి వాళ్లకు లేదు. అనుమానం మీద నా ప్రధానమైన అభ్యంతరం ఇదే. అది పైకి ప్రశ్నలా కనిపిస్తుంది. లోపల తీర్పు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత కంటపడ్డదంతా సాక్ష్యం కింద జమ అవుతుంది. జాగ్రత్తపరుడు "ఎవరు మీరు? ఎవరింటికి వచ్చారు?" అని అడిగి, జవాబు కోసం ఆగుతాడు, నిజమో కాదో కనుక్కుంటాడు. అనుమానించేవాడు కూడా అదే ప్రశ్న అడుగుతాడు, జవాబు మాత్రం వినడు. ఆ రోజు ఒక్క ఫోన్ కాల్ చేసి ఉంటే సరిపోయేది.

ఇలాంటి వార్త చదివినప్పుడు చదువుకున్నవాళ్లం ఒక మాట అనుకుని తేలికపడతాం. అది పల్లెటూరి మూక, అక్షరం రానితనం, వాట్సాప్ చేసిన పని అనుకుంటాం. ఈ ఊరట మనకు దక్కదు.

2008లో లండన్‌లోని మానసిక శాస్త్రవేత్త డేనియల్ ఫ్రీమన్ బృందం ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించింది. మామూలు జనం నుంచి 200 మందిని పిలిచి, కళ్లకు వర్చువల్ రియాలిటీ పరికరం తగిలించి, కంప్యూటర్ సృష్టించిన లండన్ భూగర్భ రైలులో నాలుగు నిమిషాలు ప్రయాణం చేయించారు. తోటి ప్రయాణికులంతా కంప్యూటర్ బొమ్మలే. ఎవరిపట్లా ప్రేమగానీ పగగానీ కనబడకుండా వాటిని తయారుచేశారు. చాలామంది ఆ ప్రయాణికులు తమ మానాన తామున్నారనో, స్నేహంగా ఉన్నారనో చెప్పారు. కానీ నూటికి 40 మందికి పైగా, వాళ్లు తమ గురించి ఏదో చెడుగా అనుకుంటున్నారనో, తమకేదో చేయబోతున్నారనో కనీసం ఒక్కసారైనా అనుకున్నారు. ఆ బొమ్మలకు మనసే లేదు. వాటిలో కనిపించిన దురుద్దేశం చూసినవాళ్లు వెంట తెచ్చుకున్నదే. లండన్ నగరంలో మామూలుగా బతుకుతున్నవాళ్ల సంగతి ఇది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. వ్యాధిగా ముదిరిన అనుమానం వేరు. దానికి వైద్యం ఉంది. దానితో బాధపడేవాళ్లకు డాక్టరు కావాలి, ఇంటివాళ్ల ఓర్పు కావాలి. మానసిక రోగులంటే ప్రమాదకరమైనవాళ్లనే అనుమానం కూడా నేను ఖండించే అనుమానాల్లో ఒకటి. నేను మాట్లాడుతున్నది ఏ జబ్బూ లేకుండా, అనుమానాన్ని తెలివితేటలుగా చాటుకునే మనందరి గురించి.

ఇక వాట్సాప్ సంగతి. 2018లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోతున్నట్టు చూపించేది. అసలది పాకిస్థాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి జనాన్ని హెచ్చరించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తీసిన ప్రచారచిత్రం. ఆ మోటార్ సైకిల్ తిరిగొచ్చి పిల్లవాణ్ని దించేస్తుంది. చివర్లో సందేశం చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని కోసేసి మన దేశంలో తిప్పారు. కోసినవాడిది నేరమే. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. మంచి పనే. కానీ అనుమానానికి ఫోనుతో పనిలేదు. 2022 జనవరిలో జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ సొంత కులసంఘం సమావేశంలోనే చంపారు. ముక్కూ మొహం తెలియని వీడియో వాళ్లను చంపలేదు. ఏళ్లుగా ఎరిగినవాళ్లే చంపారు. ఒకరికి జ్వరం తగ్గకపోయినా, ఇంకొకరి గేదె పాలివ్వకపోయినా బాణామతి అని పక్కింటివాడి వైపు వేలు చూపించడం మన పల్లెల్లో సెల్‌ఫోన్ రాకముందు నుంచీ ఉంది. సందేశాన్ని ఆపవచ్చు; ఆ సందేశం కోసం ఎదురుచూస్తున్న మనసు సంగతేమిటి?

ఇప్పుడు అనుమానాన్ని సమర్థించేవాళ్ల వాదనల్లో బలమైనదాన్ని తీసుకుందాం. అది పరిణామవాదం పేరుతో వస్తుంది. అడవిలో గలగలమన్న చప్పుడు విని పులి అనుకుని పరిగెత్తినవాడు బతికాడు, గాలేలే అనుకున్నవాడు పోయాడు. అందువల్ల అతిగా భయపడే స్వభావమే మనకు వారసత్వంగా వచ్చింది, అది మన మంచికే అంటారు. అమెరికన్ వైద్యుడు రాండాల్ఫ్ నెస్సీ దీన్ని పొగను పసిగట్టే అలారంతో పోల్చాడు. పప్పు మాడినప్పుడు ఊరికే మోగినా ఫరవాలేదు, ఇల్లు అంటుకున్నప్పుడు మోగకపోతేనే ముప్పు. ఆయన ఇది చెప్పింది శరీరం తనను తాను కాపాడుకునే తీరు గురించి. మనవాళ్లు దాన్ని సాటిమనుషుల మీద తీర్పు చెప్పడానికి వాడుకుంటున్నారు.

అక్కడే ఆ పోలిక తెగిపోతుంది. అలారం తప్పుగా మోగితే పొగకు దెబ్బ తగలదు. మనిషి మీద అనుమానం తప్పయితే దెబ్బ మనిషికి తగులుతుంది. అలారం మోగాక మనం లేచి వంటింట్లోకి వెళ్లి చూస్తాం, మంట లేదంటే ఆపేస్తాం. అనుమానం మోగాక వెళ్లి చూసేవాళ్లు తక్కువ, చూసి ఆపేసేవాళ్లు ఇంకా తక్కువ. అన్నింటికంటే ముఖ్యం, అలారం మోగినంత మాత్రాన పొగ పుట్టదు. అనుమానం మాత్రం తాను భయపడ్డదాన్ని తానే పుట్టించగలదు.

ఈ చివరి మాటకు ఆధారం ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త కెనెత్ డాడ్జ్ 1980లో బడిపిల్లలపై ఒక అధ్యయనం ప్రచురించాడు. మగపిల్లల చేత బొమ్మ ముక్కలు పేర్పించి, వాళ్లు కష్టపడి పేర్చినదాన్ని పక్కగదిలో ఇంకో కుర్రాడు పాడుచేసినట్టు నమ్మించారు. కావాలనే చేశాడని స్పష్టంగా తెలిసినప్పుడు నెమ్మదస్తులైన పిల్లలూ కోపం తెచ్చుకున్నారు. పొరపాటున జరిగిందని స్పష్టంగా తెలిసినప్పుడు తగువులమారి పిల్లలూ ఊరుకున్నారు. తేడా వచ్చింది కావాలనో పొరపాటునో తెలియని సందర్భంలో. అప్పుడు తగువులమారి పిల్లలు దాన్ని పగగా తీసుకుని ప్రతీకారానికి దిగారు. తొమ్మిది దేశాల్లో 12 సమూహాలకు చెందిన 1,299 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఎదుటివాడు కావాలనే చేశాడనుకున్న పిల్లలే ఎక్కువగా దాడికి దిగుతారని అన్ని సమూహాల్లోనూ తేలింది. ఇలాంటి పిల్లవాడు ముందు కొడతాడు. కొట్టించుకున్నవాడు ఎలాగూ శత్రువవుతాడు. "నేను అప్పుడే అనుకున్నాను" అని కొట్టినవాడు తన తెలివికి తానే మురిసిపోతాడు. పెద్దవాళ్లమయ్యాక మనం చేసేదీ ఇదే, చేతులకు బదులు మాటలతో, ముభావంతో, బదిలీ ఉత్తర్వులతో. అనుమానించిన కోడలు మనసు విప్పి మాట్లాడటం మానేస్తుంది. ఆ మౌనమే రుజువంటాం.

రెండో వాదన: "అనుమానించేవాణ్ని ఎవరూ మోసం చేయలేరు." ఇది వినడానికి సహజంగా ఉంటుంది, వాస్తవం దీనికి విరుద్ధంగా ఉంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన నాన్సీ కార్టర్, మార్క్ వెబర్ 2010లో ఈ నమ్మకాన్ని పరీక్షించారు. ఉద్యోగ ఇంటర్వ్యూల వీడియోలు చూపించి, వాటిలో ఎవరు అబద్ధం చెబుతున్నారో కనిపెట్టమన్నారు. సగంమంది అభ్యర్థులు అబద్ధాలు చెప్పినవాళ్లే. మనుషుల మీద మొత్తమ్మీద నమ్మకం ఉన్నవాళ్లే అబద్ధాలను బాగా పట్టుకున్నారు. ఇంటర్వ్యూ చేయడానికి ఎవరైతే మేలని అడిగితే మాత్రం ఎక్కువమంది అనుమానపరుడికే ఓటేశారు. జపాన్‌లో తొషియో యమగిషి ఏళ్లతరబడి చేసిన పరిశోధనలు కూడా ఇటే చూపించాయి. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. మనుషులతో కలిసేవాడు రకరకాల మనుషుల్ని చూస్తాడు, ఒకటి రెండుసార్లు దెబ్బ తింటాడు, ఎవరు ఎలాంటివాళ్లో తేడా నేర్చుకుంటాడు. అందర్నీ అనుమానించేవాడికి అందరూ ఒకేలా కనిపిస్తారు. తేడా కనిపెట్టాల్సిన అవసరమే అతనికి రాదు.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ జేమ్స్ యాంగిల్టన్. యేల్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు, రెండు దశాబ్దాల పాటు అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో శత్రు గూఢచారుల్ని పట్టుకునే విభాగానికి అధిపతి. అనుమానించడమే ఆయన ఉద్యోగం. 1964లో సోవియట్ గూఢచారి యూరి నొసెంకో అమెరికాకు ఫిరాయించాడు. యాంగిల్టన్, ఆయనతో ఏకీభవించిన అధికారులు అతన్ని నమ్మలేదు. నిజాలు చెబితే మనల్ని బుట్టలో వేసుకోవడానికే అన్నారు, తడబడితే పట్టుబడ్డాడన్నారు. విచారణ లేకుండా 1,277 రోజులు నిర్బంధించారు, అందులో చాలాకాలం ఏకాంత గదిలో. చివరికి ఆ సంస్థే అతను నిజాయితీగా వచ్చినవాడని తేల్చి, పరిహారం ఇచ్చి, సలహాదారుగా పెట్టుకుంది. యాంగిల్టన్ వెతుకులాటలో సొంత సంస్థ అధికారుల ఉద్యోగ జీవితాలు కూడా నాశనమయ్యాయి. 1974 డిసెంబర్‌లో ఆయన్ని సాగనంపారు. అయితే, ఇంతమందిని అనుమానించిన ఆయన కళ్లెదుటే ఒక అసలైన సోవియట్ గూఢచారి తిరిగాడు. బ్రిటిష్ అధికారి కిమ్ ఫిల్బీ. 1949 నుంచి వాషింగ్టన్‌లో ఉన్నప్పుడు యాంగిల్టన్‌తో తరచూ కలిసి భోంచేసిన ఆప్తమిత్రుడు. 1963లో మాస్కోకు పారిపోయాడు. అనుమానం దొంగను పట్టుకోలేదు. దొరలాంటి మాటతీరు ఉన్న దొంగను స్నేహితుడనుకుని, దొరికినవాణ్ని దొంగ అనుకుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల భయంతో చాక్లెట్లు పంచినవాళ్లను కొట్టిన గుంపుకీ, ఈ యేల్ పట్టభద్రుడికీ ఆలోచనా పద్ధతిలో తేడా చూపించమని అడుగుతున్నాను.

మూడో వాదన: "అనుభవం నేర్పింది బాబూ, లోకం అలాగే ఉంది." అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ విషయంలో అనుభవం ఒంటికన్నుతో చూస్తుంది. జర్మనీకి చెందిన డెట్లెఫ్ ఫెచెన్‌హవర్, అమెరికాకు చెందిన డేవిడ్ డన్నింగ్ ఈ లోపాన్ని బయటపెట్టారు. నమ్మి అప్పిస్తే, తిరిగివస్తుందో రాదో తెలుస్తుంది. ఇవ్వకపోతే, ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఎన్నటికీ తెలియదు. నమ్మి పొరబడినది గుర్తుంటుంది. అనుమానించి పొరబడినది అసలు తెలియనే తెలియదు. మీరు తిప్పి పంపిన ఆ అద్దె కుర్రాడు ఎంత మంచివాడో మీకు చెప్పడానికి ఎవరూ రారు. అందుకే అనుమానపరుడి ఖాతాలో తప్పులు సున్నా అని కనిపిస్తుంది. లెక్క రాయలేదు కాబట్టి నష్టం లేదనుకుంటున్నాడు. ఈ ఇద్దరి 2010 నాటి ప్రయోగంలో, ఎవర్ని నమ్మినా నమ్మకపోయినా అవతలివాడు ఏం చేసేవాడో చెప్పినప్పుడు, పాల్గొన్నవాళ్లు సాటిమనుషుల గురించి తమ అంచనాల్ని మెరుగుపరుచుకున్నారు.

ఆ లెక్క రాస్తే ఏం తేలుతుందో చూపించిన పెద్ద ప్రయత్నం ఒకటి 2019లో వెలువడింది. భారతదేశంతో సహా 40 దేశాల్లో 17,000కు పైగా పర్సుల్ని హోటళ్లు, బ్యాంకులు, తపాలా కార్యాలయాల వంటి చోట్ల "దొరికింది" అని అప్పగించారు. కొన్నింట్లో డబ్బుంది, కొన్నింట్లో లేదు. డబ్బుంటే యజమానికి కబురు చేసేవాళ్లు పెరుగుతారని మామూలు జనమూ, ఆర్థికశాస్త్రవేత్తలూ ఊహించలేదు. జరిగింది అదే. డబ్బులేని పర్సుల విషయంలో నూటికి 40 మంది కబురు చేస్తే, డబ్బున్న పర్సుల విషయంలో 51 మంది చేశారు. 40 దేశాల్లో 38 చోట్ల ధోరణి ఇదే. లోకమంతా మంచివాళ్లేనని నేననడం లేదు. కబురు చేయనివాళ్లూ సగానికి దగ్గరగా ఉన్నారు. నేననేది ఒక్కటే. లోకం గురించి మన అంచనా చెడువైపు ఒరిగి ఉంది.

"అవన్నీ సరే, పిల్లల విషయంలో మాత్రం ప్రమాదానికి ఒప్పుకోలేం" అనే తల్లిదండ్రుల మాటను నేను తేలిగ్గా తీసుకోను. సరిగ్గా వాళ్లకోసమే ఈ మాట చెప్పాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనం ప్రకారం, సర్వే చేసిన పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నారు. వేధించినవాళ్లలో సగంమంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్ల నమ్మకాన్నో బాధ్యతనో చేతిలో పెట్టుకున్నవాళ్లు. పోలీసులు నమోదు చేసే కేసుల్లోనైతే, నిందితుడు బాధితులకు తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెబుతున్నాయి, నూటికి తొంభైకి పైగా కేసుల్లో. రోడ్డుమీద చాక్లెట్ ఇచ్చిన కొత్తవాణ్ని కొట్టిన చేతులు, ఇంట్లో బాబాయి వరసవాడి మీద పిల్ల చెప్పిన మాటను నమ్మడానికి వెనకాడతాయి. అనుమానం పిల్లల్ని కాపాడటం లేదు. తనకు అలవాటైన దిక్కుకే చూస్తూ, ప్రమాదం వచ్చే దిక్కుకు వీపు తిప్పుతోంది. పిల్లల్ని కాపాడేది పిల్లల మాట వినడం. అంటే, వాళ్లను నమ్మడం.

సైబర్ మోసాల మాట కూడా వస్తుంది. "డిజిటల్ అరెస్ట్" పేరుతో విశ్రాంత ఉద్యోగులు, డాక్టర్లు జీవితకాలపు కష్టార్జితం పోగొట్టుకున్నారు కదా, నమ్మడం వల్లే కదా అంటారు. ఆ మోసం నడిచే తీరు చూడండి. మీ పేరుమీద పార్శిల్‌లో మత్తుమందు దొరికింది, మీ ఆధార్‌తో ఎవరో ఖాతా తెరిచారు, ఎవరికీ చెప్పవద్దు, వీడియో కాల్ ఆపవద్దు, బ్యాంకువాళ్లడిగినా నిజం చెప్పవద్దు అంటారు. అంటే, మోసగాడు ముందుగా చేసేది బాధితుడికి చుట్టూ ఉన్న అందరి మీదా అనుమానం కలిగించడం. కొడుకును, పక్కింటివాణ్ని, బ్యాంకు మేనేజరును నమ్మకుండా చేశాక మిగిలేది ఆ గొంతొక్కటే. ఆ వల తెగేది బాధితుడు ఎవరో ఒకరికి ఫోన్ చేసినప్పుడు, 1930కి డయల్ చేసినప్పుడు. అతన్ని కాపాడింది సరిచూసుకోవడం. ఎవర్నీ నమ్మని మనిషికి సరిచూసుకోవడానికి కూడా మనిషి దొరకడు.

ఇక ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో చూద్దాం. అనుమానం అందరిమీదా సమానంగా పడదు. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్ట దగ్గర పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని గుంపు కొట్టి చంపింది ఒక హిజ్రాను. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రెయిన్‌పాడలో సంతరోజున ఐదుగురిని పంచాయతీ కార్యాలయంలో పెట్టి చంపారు. వాళ్లు నాథ్ పంథీ దవరి గోసావి అనే సంచార జాతివాళ్లు, భిక్షాటన కోసం వచ్చినవాళ్లు. ఆ వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో తిరిగిన పుకారుకు "పార్థీ గ్యాంగ్" అని పేరు. పార్థీలు ఒక తెగ, ముఠా కాదు. ఊరూరూ తిరగడమే బతుకుదెరువైన గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు ఆ రోజుల్లో ఊళ్లోకి రావాలంటే భయపడాల్సివచ్చింది. కొత్త ఊరికి వెళ్లడం మనకు ప్రయాణం, వాళ్లకు తిండి.

ఈ అనుమానం ఆకాశం నుంచి ఊడిపడలేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దురుద్దేశం ఉన్న మనుషులున్నారని శాసనం రాసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఎరుకల కుటుంబాలను నిఘాలో ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన సెటిల్‌మెంటు. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు చెబితే ఉద్యోగం రాని, అద్దె ఇల్లు దొరకని అవమానాన్ని తర్వాతి తరాలవాళ్లు కూడా మోశారు. చట్టం పోయినా అనుమానం దిగలేదు. "అనుమానిస్తే పోయేదేముంది" అనేవాడికి పోయేదేమీ ఉండదు, నిజమే. పోయేదంతా అవతలివాడిది.

ఇంటిలోపలి సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. అక్కడ అనుమానం ప్రేమ వేషం వేసుకుంటుంది. "ఇష్టం ఉండబట్టే కదా అడుగుతున్నాడు" అని ఆడపిల్లకు సర్దిచెబుతాం. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రవర్తనను భర్త నియంత్రణ కింద లెక్కిస్తుంది: వేరే మగవాళ్లతో మాట్లాడితే కోపం, నమ్మకద్రోహం చేస్తున్నావన్న నిందలు, స్నేహితురాళ్లను కలవనీయకపోవడం, ఎప్పుడూ ఎక్కడున్నావన్న ఆరా. దినపత్రికల జిల్లా పేజీల్లో "భార్యపై అనుమానంతో" అని మొదలయ్యే వార్తలు ఎలా ముగుస్తాయో తెలుగు పాఠకులందరికీ తెలుసు. ఆ వార్తల్లో అనుమానం కారణంగా ఉంటుంది గానీ నేరంగా ఉండదు. చదివేవాళ్లు కూడా ముందు అడిగేది "నిజమేనా?" అని. నిజమైతే చంపవచ్చన్నట్టు! అనుమానం పెనుభూతమన్నారు మన పెద్దలు. ఆ భూతాన్ని ఇవాళ మనం కాపలాకు పెట్టుకున్నాం.

మరి జాగ్రత్త అనేది ఎలా ఉంటుంది? దానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2018లో ఇదే పుకార్ల కాలంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని గ్రామాల్లో తిరిగే కానిస్టేబుళ్లు గమనించారు. పోలీసులు జనాన్ని మూర్ఖులని తిట్టలేదు. ఒక్కో ఊరి బాధ్యత ఒక్కో కానిస్టేబుల్‌కు అప్పగించి, నాలుగు వందలకు పైగా ఊళ్లలో జనంతో కూర్చుని మాట్లాడించారు. డప్పు వేయించి, పాటలు పాడించి ఆ వీడియోలు నకిలీవని చెప్పించారు. గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో చేరి ఎప్పటికప్పుడు సందేహాలు తీర్చారు. చుట్టూ దేశం అట్టుడుకుతుంటే ఆ జిల్లాల్లో ఈ పుకారుకు ఒక్క ప్రాణం పోలేదు. అదే భయం, అలాంటి పల్లెలే, అవే ఫోన్లు. తేడా అల్లా, అడగడానికి వాళ్లకో మనిషి దొరకడం.

కాబట్టి నేను కళ్లు మూసుకుని అందర్నీ నమ్మమనడం లేదు. తలుపుకు గడియ పెట్టండి, అద్దెకు వచ్చినవాడి కాగితాలు చూడండి, అప్పిస్తే పత్రం రాయించుకోండి. ఇవన్నీ ఎవరికైనా ఒకే తీరున వర్తించే పద్ధతులు, ఎవరి మనసు మీదా తీర్పులు కావు. మనసు మీద తీర్పు చెప్పాలనిపించినప్పుడు మాత్రం కొన్ని పనులు తప్పనిసరిగా చేయండి. ఆ మనిషి చేసినదానికి చెడు కాని కారణం ఇంకేమైనా ఉండవచ్చా అని వెతకండి. ఆ మనిషినే అడగండి, జవాబు విని మనసు మార్చుకునే వీలు అట్టిపెట్టుకుని అడగండి. ఏం చూస్తే నా అనుమానం తప్పని ఒప్పుకుంటాను అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. జవాబు "ఏం చూసినా ఒప్పుకోను" అయితే, ఆ మనిషి గురించి మీకేమీ తెలియలేదు, మీ భయం గురించే తెలిసింది. ఆ తర్వాత కూడా అనుమానం మిగిలితే, దాన్ని పోలీసుకు, పెద్దమనిషికి, న్యాయస్థానానికి చెప్పండి. ఫోనులో ఊరందరికీ పంపకండి.

ఎదుటివాడి ఉద్దేశం మనకు కనబడదు. కనబడేది అతను చేసిన పని ఒక్కటే, మిగతాదంతా మన ఊహ. అందుకే, అనుమానించే హక్కు మాకుందనేవాళ్లకు నా జవాబు ఇది. ఉంది. దాంతోపాటు రుజువు చేసే బాధ్యత కూడా మీదే. తాను మంచివాణ్నని ఊరూరా, గడపగడపకూ నిరూపించుకుంటూ తిరగాల్సిన భారం ఏ మనిషి మీదా లేదు.